స్కేలు పొడుగు లారీ: ఆత్మకూరు కార్ల పోటీకి ఆఖరి ప్రయాణం

అనంతసాగరంలో విత్తనాల కొట్టు గోడ మీద ఆ కాగితం కనపడినప్పుడు నా భుజాన సంచి ఉంది, సంచిలో బైబిలు గ్రంథం ఉంది, నోట్లో ఆ పూట సోమశిలలో చేపలు పట్టేవాళ్ళకు చెప్పాల్సిన వాక్యం సిద్ధంగా ఉంది. కాగితం చదివాక ఆ వాక్యం ఎటు పోయిందో పోయింది. “స్కేల్ మోడల్ కార్ల ప్రదర్శన, పోటీ. ఆత్మకూరు. వచ్చే శనివారం. ఇదే ఆఖరు.” కింద ఎప్పటిలాగే చిన్న అక్షరాలు: “కొలత బల్ల మధ్యాహ్నం రెండు గంటలకు మూసివేయబడును.” ఆఖరు అనే మాట నేను బాగా వాడినవాణ్ణి. ఆఖరి దినం, ఆఖరి బూర, ఆఖరి తీర్పు అని మైకు లేని ఊళ్ళలో కూడా గొంతు చించుకున్నాను. ఒక హార్డ్‌వేర్ కొట్టు గోదాంలో జరిగే బొమ్మ కార్ల పోటీకి ఆ మాట తగిలిస్తే నేను సోమశిల దారే మర్చిపోతానని మాత్రం అనుకోలేదు.

ఇది చదివేవాళ్ళలో చాలామంది పడమటి నెల్లూరు వైపు ఎట్లా వెళ్ళాలి, ఎక్కడ తినాలి అని నన్ను అడిగేవాళ్ళే. కాబట్టి ముందు ఆ పోటీ ఏమిటో చెబుతాను. ఆత్మకూరులో రంగులు, మేకులు, వైర్లు అమ్మే శెట్టిగారు ఒకాయన ఉన్నారు. చాలా ఏళ్ళ కిందట మద్రాసు వెళ్ళి ఒక అద్దాల కొట్లో చిన్న ఇనప కార్లు చూశారు. డబ్బా మీద “స్కేల్ మోడల్” అని ఉంది. తిరిగొచ్చి ఆ మాటే పెట్టి పోటీ అని నోటీసు కొట్టించారు. ఉదయగిరి నుంచి చెక్కపని వాళ్ళు, కొండాపురం నుంచి రేకుపని వాళ్ళు వచ్చి, “స్కేలంటే ఎంతయ్యా?” అని అడిగారు. శెట్టిగారు గల్లాపెట్టె పక్కనున్న చెక్క స్కేలు తీసి చూపించారు. బళ్ళో పిల్లలు గీతలు గీసుకునే అడుగు స్కేలు. “స్కేలంటే ఇదే గదా” అన్నారు. అంతే, అదే శాసనమైపోయింది. అసలు బండిలో ఎన్నో వంతు అని దాని అర్థమని రెండేళ్ళ తర్వాత ఒక లెక్చరరు వచ్చి చెప్పాడు గానీ అప్పటికే జనం అడుగు పొడుగు బండ్లు చేసేశారు. ఆటో అయినా అడుగే, లారీ అయినా అడుగే. జీపు, ట్రాక్టరు, పల్లెవెలుగు బస్సు, అన్నీ అడుగే. బల్ల మీద వరసగా పెడితే షేర్ ఆటో పోయి బస్సుతో భుజం కలిపి నిలబడేది. మా వైపు వాటికి “స్కేలు కార్లు” అని పేరే పడింది. ఒక్క గీత ఎక్కువైనా తక్కువైనా శెట్టిగారు పక్కన పెట్టేవారు. కొలతకు నిలిచినవాటిలో ఏది గొప్పదో చూడవచ్చిన జనం చేతులెత్తి తేల్చేవారు.

పన్నెండేళ్ళ కిందట అక్కడ గెలిచింది మా బావ. సుందరం బావ మా అక్క కరుణమ్మ భర్త. అంతకంటే ముందు నా స్నేహితుడు. సోమశిల డ్యాము నీళ్ళు మా ఊళ్ళోకి ఎక్కిన ఏడు ఇద్దరం ఒకే లారీ మీద, దూలాల పైన కూర్చుని ఊరు దాటాం. మా కుటుంబం అనంతసాగరం చేరింది, వాళ్ళది ఉదయగిరి. నన్ను “రేయ్” అని తప్ప ఇంకో రకంగా పిలిచి ఎరగడు. పెళ్ళి పీటల మీద నుంచి కూడా “రేయ్, ఆ దండ ఇట్లా తేరా” అన్నాడు. ఆయన చెక్కిన లారీ గెలిచిన మర్నాడు ఆదివారం. సంతోషం పట్టలేక దాన్ని మా పాకలో జరిగే ప్రార్థనకు తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టాడు. దాని నుదుట కుంకుమ బొట్టు ఉంది. ముందు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. నా కళ్ళకు కనపడింది ఆ బొట్టూ నిమ్మకాయే. చెక్కిన రూపం చేసుకోవద్దన్న ఆజ్ఞ ఎత్తుకున్నాను. అరగంట అరిచాను. దేవుడి సన్నిధిలోకి విగ్రహం తెచ్చావన్నాను. నిప్పుల్లో వేయమన్నాను. బల్ల గుద్దాను. బావ ముందు వరసలో కూర్చుని అంతా విని, లేచి, కింద పడిన లారీ తీసుకుని, “అట్నే అయ్యగారూ” అన్నాడు.

వాక్యం చెప్పేవాళ్ళను మా వైపు అందరూ అయ్యగారూ అనే అంటారు. బావ అనడం అదే మొదలు. ఆ రోజు నుంచి ఆయన పోటీకి పోలేదు, బండి చెక్కలేదు, నన్ను “రేయ్” అనలేదు. పన్నెండేళ్ళుగా “రండి అయ్యగారూ, కూర్చోండి అయ్యగారూ, మీరు తినండి.” ఆ మర్యాద నా గొంతులో చేపముల్లులాగా ఇరుక్కుని ఉంది. ఈ ప్రయాణం దాని కోసమే. బావ లారీ ఆ ఆఖరి బల్ల మీద నిలబడాలి. ఆయన నోట మళ్ళీ ఆ “రేయ్” నేను వినాలి. రెండు గంటలకు బల్ల మూస్తారు, ఇంకో ఏడాది లేదు.

శనివారం పొద్దున ఐదున్నరకు అనంతసాగరంలో షేర్ ఆటో ఎక్కాను. ఆత్మకూరుకు యాభై రూపాయలు తీసుకున్నాడు. మనుషులు నిండితే గానీ కదలవు, కాబట్టి మీరు వెళ్ళేటట్టయితే ఒక అరగంట చేతిలో ఉంచుకోండి. డ్రైవరు మస్తాన్ నా సంచి చూసి, “ఏంది అయ్యగారూ, శనివారం గూడా వాక్యమేనా?” అన్నాడు.

“కాదబ్బాయా, కార్ల పోటీకి.”

“ఆ స్కేలు కార్లా? ఆపేస్తన్నారంట గదా.” గేరు మార్చి తల వెనక్కి తిప్పాడు. “నా ఆటోను గూడా ఒకాయన చేసి పెట్టినాడయ్యా అక్కడ. అచ్చం ఇదే, ఈ చినిగిన సీటుతో సహా. లారీ పక్కన పెట్టినారు. నా ఆటో లారీ అంత ఉండాది! ఫోటో తీసి ఇంట్లో పెట్టుకున్నా. మా ఆవిడ ఏమంటదో తెలుసా, నీ జన్మలో నువ్వు మగోడిలాగా కనపడింది ఆ ఫోటోలోనే అంటది.”

వెనక పాలక్యాను పట్టుకున్న ఆయన పగలబడి నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. పొద్దున్నే పనిలోకి దిగినవాళ్ళకీ, పొద్దువాలే వేళ వచ్చినవాళ్ళకీ ఒకే కూలి ఇచ్చిన ద్రాక్షతోట యజమాని కథ నేను ఎన్ని ఊళ్ళలో చెప్పి ఉంటానో లెక్క లేదు. ఆటోనూ బస్సునూ ఒకే పొడుగుకు తెచ్చి నిలబెట్టిన ఆ బల్ల గురించి విన్నప్పుడు ఆ కథ నాకు ఒక్కసారి కూడా ఎందుకు గుర్తు రాలేదు? మస్తాన్‌కు వచ్చిన సంతోషం చూస్తే ఎవరికైనా గుర్తు రావాలి.

ఆరూ నలభైకి ఆత్మకూరు చేరాను. బస్టాండు దగ్గర సందులో తోపుడు బండి మీద కారం దోసె వేస్తారు. రెండు దోసెలు అరవై రూపాయలు. ఎర్రకారం తక్కువ వేయమని చెప్పినా ఆ తల్లి వినదు. “కారం లేకుండా తినాలంటే ఇంట్లో ఇడ్లీ తినాల సామీ” అంది. ఉదయగిరి బస్సు ఏడున్నరకు. మధ్యలో ఉన్న సమయంలో శెట్టిగారి గోదాం దాకా నడిచాను. బల్లలు కడిగి ఆరబెట్టారు. ఒక కొస నుంచి ఇంకో కొసకు తెల్ల దారం లాగి కట్టారు. బండ్ల మూతులన్నీ ఆ దారానికి ఆనించి నిలబెట్టడం అక్కడి పద్ధతి. శెట్టిగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ఆ స్కేలు. అంకెలు అరిగి, అంచులు నల్లబడి, చేతి చెమటకు నున్నగా అయిపోయింది.

“ఎవురది?” అని తల ఎత్తారు. గొంతు విన్నాక గుర్తుపట్టారు. “వాక్యం అయ్యగారా! పొద్దున్నే వచ్చినారే. నా గోదాముకు శాపం పెట్టి పోదామనా?”

“ఎందుకు ఆపేస్తున్నారు శెట్టిగారూ?”

ఆయన స్కేలు ఎత్తి మొహానికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా జరిపి చూశారు. “దీని మీద గీతలు నాకు కనపడటంలా. ఆపరేషన్ చేయించినారు. ఒక కన్ను తేలింది, ఒక కన్ను తేలలా. పోయినేడు ఒక జీపును పొడుగు జాస్తి అని తీసేసినా. ఆ మనిషి ఇంటికి పోయి కొలుచుకున్నాడంట, సరిగ్గా ఉండాదంట. కొట్లాడలేదయ్యా, వచ్చి మెల్లిగా చెప్పి పోయినాడు. కొలిచేవాడు తప్పినాక ఇంకేం పోటీ?”

“ఇంకెవరికన్నా అప్పజెప్పొచ్చు గదా.”

“నా కొడుకుల్ని అడిగినా. టేపు తెచ్చి కొలుస్తాం అన్నారు. టేపు సాగుద్ది. ఇది సాగుద్దా?” స్కేలు ఒళ్ళో పెట్టుకుని, ఆయనే మళ్ళీ అన్నారు. “మీ బావ ఇన్నేళ్ళూ రాలేదే. పాపం, ఆ లారీకి నా చేత్తో నేనే బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టినా. గెలిచిన బండికి కడతాం గదా, కొత్త బండికి కట్టినట్టు. వద్దు శెట్టీ, మా వాళ్ళు ఒప్పుకోరు అన్నాడు. పెద్దోణ్ణి, కాదనబాక అన్నా. నా మాట తీసెయ్యలేక ఊరుకున్నాడు.”

ఆయన మామూలుగా చెప్పేశారు. పన్నెండేళ్ళలో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, “ఆ బొట్టు ఎవరు పెట్టినారు బావా?” అని నేను అడగలేదు. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట విని గానీ ఎవరికీ తీర్పు చెప్పొద్దని ధర్మశాస్త్రంలో ఉంది, ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. నేను ఒక నిమ్మకాయను సాక్షిగా పిలిచి తీర్పు చెప్పాను.

ఏడున్నర బస్సు ఉదయగిరికి దాదాపు రెండు గంటలు తీసుకుంటుంది. టికెట్టు ఎనభై లోపే. ఎర్రమట్టి చేలు, అక్కడక్కడా బత్తాయి తోటలు, జామాయిలు చెట్లు దాటుకుంటూ పోతే ఊరింకా చాలా దూరం ఉండగానే ఉదయగిరి కొండ కనపడుతుంది. గోడ కట్టినట్టు పొడుగ్గా ఉంటుంది. కోట చూడాలనుకునేవాళ్ళు ముందు రోజే ఊళ్ళో దిగి తెల్లవారుజామున ఎక్కడం మొదలుపెట్టండి, నీళ్ళు మోసుకెళ్ళండి. నేను కొండ వైపు చూడలేదు. బావకు చెప్పాల్సిన మాటలు వరసగా పేర్చుకుంటున్నాను. ఏ వాక్యంతో మొదలుపెట్టాలి, ఎక్కడ గొంతు తగ్గించాలి, ఎక్కడ ఆపాలి. ఇరవై దాటాక కొట్ల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి నేను, మాట కోసం ఎప్పుడూ తడుముకోలేదు.

తొమ్మిదీ నలభైకి దిగాను. బావ వాళ్ళ వీధిలోకి తిరిగితే ఇళ్ళ అరుగుల మీద ఆకురాళ్ళతో చెక్క అరగదీసే చప్పుడు మీకూ వినపడుతుంది. గరిటెలు, స్పూన్లు, దువ్వెనలు అక్కడే చేస్తారు, అక్కడే అమ్ముతారు. ముస్లిం కుటుంబాలు ఎక్కువ, బావ పని నేర్చుకున్నదీ వాళ్ళ దగ్గరే. ఆయన గడపలో కూర్చుని ఒక స్పూను తల గుండ్రంగా తిప్పుతున్నాడు. నన్ను చూసి లేచాడు. “రండి అయ్యగారూ” అని కుర్చీ వేసి, తను కింద కూర్చున్నాడు.

పేర్చుకున్న మాటలు పక్కన పెట్టాను. గ్రంథం తీయబోయాను.

“వాక్యం తర్వాత చెప్తురుగానీ, కాఫీ తాగండి” అన్నాడు బావ, పని మీద నుంచి తల ఎత్తకుండా.

“బావా, ఇయ్యాల ఆఖరి పోటీ.”

“విన్నా.”

“లారీ ఉండాదా?”

“తగలబెట్టమన్నారు గదా మీరు. తగలబెట్టేసినా.”

వంటగదిలో పెద్ద చప్పుడైంది. గరిటెలు, అట్లకాడలు, చెక్క స్పూన్లు నేల మీద కుప్పగా పడ్డాయి. మా అక్క బయటికి వచ్చి ఒక వస్తువు నా ఒళ్ళో పెట్టింది. నూనె, పొగ పట్టి నల్లగా ఉంది. ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత చక్రాలు కనపడ్డాయి.

“పన్నెండేళ్ళుగా నా గరిటెల డబ్బా ఇదే” అంది అక్క. “దీన్నించి గరిటె తీసే నీకు పప్పు వడ్డించినా, పులుసు వడ్డించినా. ఒక్కసారన్నా వంటింట్లోకి తొంగి చూసినావా? పీట మీద కూర్చుని పరలోకం గురించి చెప్పడమే సరిపాయె నీకు.”

లారీని తిప్పి చూశాను. ఆ ఆదివారం నేను చూడనిది అప్పుడు చూశాను. వెనక తలుపు మీద మునిగిపోయిన మా ఊరి పేరు చెక్కి ఉంది. ఆ పేరు ఇప్పుడు ఏ బోర్డు మీదా ఉండదు. క్యాబిన్ పైన వేలెడంత మనుషులు ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకడి చెయ్యి ఇంకొకడి భుజం మీద ఉంది. మొహాలు చెక్కలేదు. అవసరం లేదు, ఎవరో నాకు తెలుసు. నీళ్ళు రాకముందే ఓడ కట్టుకొమ్మని పొడుగు ఇంత, వెడల్పు ఇంత అని మూరలు లెక్కగట్టి చెప్పిన దేవుడు ఈ ఓడను చూస్తే ఏమంటాడు? నేను దీన్ని నిప్పుల్లో వేయమన్నాను.

“ముందు బంపరు లేదు చూసుకో” అంది అక్క. “నువ్వు బల్ల గుద్దినప్పుడు కింద పడి విరిగింది. ఆ ముక్క ఆ పాకలోనే ఎక్కడో ఊడ్చుకుపోయుంటారు.”

పదకొండు కావస్తోంది. బంపరు లేకపోతే స్కేలుకు తక్కువ పడుతుంది. చిన్న చెక్కముక్క, బావ చేతికి పది నిమిషాల పని. చేసి పెట్టమని అడిగాను.

“విరగ్గొట్టినోళ్ళే పెట్టాల” అన్నాడు.

నేనే ముక్క తీసుకుని ఆయన కత్తితో మొదలుపెట్టాను. మూడో గీతకే వేలు తెగింది. బావ గుడ్డ చింపి నా వేలికి కట్టాడు, జాగ్రత్తగా. కట్టాక, “మీరు వాక్యం చెక్కుకోండి అయ్యగారూ, కొయ్య మా లాంటోళ్ళకు వదిలెయ్యండి” అన్నాడు. కానీ లేచి చొక్కా వేసుకున్నాడు. లారీని అక్క పాత తువ్వాలులో చుట్టాడు. అక్క కూడా చెప్పులు వేసుకుంది. “మీ ఇద్దర్నీ ఒక బస్సులో నమ్మి పంపలేను” అంది.

పదకొండున్నర బస్సు దొరికింది. అది రెండు గంటల్లో పోవాలి. మధ్యలో గొర్రెల మంద రోడ్డుకు అడ్డం పడింది. తర్వాత ఒక ఊళ్ళో డ్రైవరు టీకి ఆగి, టీ కొట్టాయనతో రాజకీయాలు మొదలుపెట్టాడు. నేను రెండుసార్లు దిగి పిలిచాను. కండక్టరు బావ ఒళ్ళో మూట చూసి, “లోపలేంది? లగేజీ కొట్టాలా?” అన్నాడు.

“లారీ.”

“లారీనా?”

“అయ్యగారిని అడుగు” అన్నాడు బావ నా వైపు గడ్డం ఎత్తి. “ఏది బండో ఏది బొమ్మో ఆయనే చెప్తాడు.”

దిగేసరికి రెండూ పది. పరిగెత్తాం. అక్క అందరికంటే ముందు పరిగెత్తింది. గోదాంలో ముప్పై బండ్ల దాకా దారానికి మూతులు ఆనించి నిలబడి ఉన్నాయి. గుమ్మం దాకా జనం. కొలత బల్ల మీద గుడ్డ కప్పేశారు. బావ ఆ గుడ్డ చూసి ఆగిపోయాడు. “పదండి, పోదాం” అన్నాడు మెల్లిగా.

శెట్టిగారు చెయ్యి చాపి గుడ్డ లాగేశారు. “ఉదయగిరి సుందరమేనా? ఇట్లా తే. గడియారం నాది, కాసేపు ఆపుకుంటా. స్కేలు అట్లా కాదు, అది అందరిదీ.”

లారీని బల్ల మీద పెట్టారు. పక్కన స్కేలు ఆనించారు. బొటనవేలు వెనక తలుపు నుంచి మొదలుపెట్టి ఊరి పేరు మీదుగా, చక్రాల మీదుగా ముందుకు జరిగింది. ముందు కొసకు వచ్చి, అక్కడ తడిమింది. మళ్ళీ తడిమింది. స్కేలు మిగిలి ఉంది, లారీ అయిపోయింది. ఆయనకు తెలిసింది. అయినా పైకి అనలేదు.

“అయ్యగారూ” అన్నారు. “ఇట్లా రండి. పోయినేడు తప్పు చదివినోణ్ణి నేను. ఈ ఒక్క గీత మీరు చదవండి. మీరు అబద్ధం చెప్పరు గదా.”

సంచిలో రెండు రకాల తూకపు రాళ్ళు పెట్టుకోవద్దు, ఒకడికి ఒక కొలత ఇంకొకడికి ఒక కొలత వద్దు అని నేను ఎన్ని సంతల్లో అరిచానో ఆ ఊరికి తెలుసు. అక్క నన్నే చూస్తోంది. ఆ చూపు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు, పోనీలేరా అనే చూపు. బావ పైన తిరిగే ఫ్యాను వైపు చూస్తున్నాడు. పన్నెండు అన్నానంటే ఆ లారీ వరసలో నిలబడుతుంది. శెట్టిగారు ఊరుకుంటారు. జనం ఊరుకుంటారు. నేను వచ్చింది అందుకే.

వంగి చూశాను. గీతలు అరిగాయి గానీ చదవొచ్చు.

“పదకొండున్నర” అన్నాను. “అరంగుళం తక్కువ.”

ఎవరో నాలుక చప్పరించారు. నేను అక్కడితో ఆగలేదు. అందరి ముందు అరిచిన తప్పు అందరి ముందే ఒప్పుకోవాలి, అదీ అదే గొంతుతో. “ఆ అరంగుళం విరగ్గొట్టింది నేను. మా బావ పన్నెండంగుళాలు చేసినాడు, సరిగ్గా చేసినాడు. నేను బల్ల గుద్దితే కింద పడి విరిగింది. దీన్ని విగ్రహం అన్నా. బొట్టు పెట్టింది ఎవరని అడగలేదు, బండి మీద కూర్చున్నది ఎవరని చూడలేదు. తక్కువ పడింది లారీ కాదు, నేను.”

బావ ఫ్యాను మీద నుంచి కళ్ళు దించాడు.

“రేయ్!” అన్నాడు.

జనం ఉలిక్కిపడ్డారు.

“ఒక్క అరంగుళంరా! కళ్ళు మూసుకుని పన్నెండు అంటే నీ నోరు పడిపోతుందా? బస్సులో తెచ్చి, పరిగెత్తించి, ఇంతమందిలో పదకొండున్నర అంటావా? మారవురా నువ్వు! ఈ జన్మలో మారవు!”

అందరూ నవ్వుతున్నారు. ఆయన ఇంకా చాలా తిట్టాడు. నాకు మొదటి మాటే వినపడుతూ ఉంది. అక్క తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది.

“పోటీకి లేదు” అన్నారు శెట్టిగారు. “ప్రదర్శనకు ఉండాది.” లారీని తనే తీసుకెళ్ళి వరస చివర, వెనక చక్రాలు మిగతా బండ్లతో సమానంగా ఉండేటట్టు పెట్టారు. దారానికీ దాని మూతికీ మధ్య అరంగుళం ఖాళీ. చూడవచ్చిన వాళ్ళంతా ముందు ఆ ఖాళీ చూసి, తర్వాత వంగి ఊరి పేరు చదివారు. సోమశిల వైపు నుంచి వచ్చిన ఒక ముసలావిడ ఆ అక్షరాలు తడిమి, “ఈ ఊళ్ళో మా మేనత్త ఉండేది” అంది. పక్కన ఉన్నది మస్తాన్ చెప్పినట్టే ఒక షేర్ ఆటో, లారీ కంటే అరంగుళం పెద్దది.

చేతులెత్తితే కొండాపురం ఆయన ట్రాక్టరు గెలిచింది. శెట్టిగారు దానికి బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టారు. నేను చూస్తూ నిలబడ్డాను. బావ మోచేత్తో పొడిచాడు. “ఏందిరా, అరవ్వా?” అన్నాడు. నాలుగున్నరకు బండ్లన్నీ ఎవరివి వాళ్ళు తీసుకుపోయారు. దారం విప్పి ఉండ చుట్టారు. శెట్టిగారు స్కేలును తుడిచి, “రేపట్నించి దీనికి వైరు కొలిచే పనే” అని గల్లాపెట్టె పక్కన పెట్టారు. మేం ముగ్గురం బయటికొచ్చాం. ఉదయగిరి బస్సు ఎక్కేముందు బావ తువ్వాలు మూట నా చేతిలో పెట్టాడు. “బంపరు పెట్టి తే. నీ చేత్తో. ఎన్నాళ్ళైనా సరే.” అక్క కిటికీలోంచి, “అప్పటిదాకా నా గరిటెలు ఎక్కడ పెట్టుకోవాల్రా?” అని అరిచింది.

ఇది రాస్తున్నప్పుడు ఆ లారీ నా బల్ల మీద గ్రంథం పక్కనే ఉంది. ఇప్పటికి నాలుగు బంపర్లు చెక్కాను. ఒకటి వంకర, ఒకటి మందం, రెండు విరిగాయి. మా పాక మూలలన్నీ వెతికాను. ఆ పాత ముక్క దొరకలేదు, దొరకదు. వచ్చే ఏడు ఆ గోదాంలో శెట్టిగారి కొడుకులు కట్టించే షాపు రూములు ఉంటాయి. శనివారం పొద్దున మస్తాన్ ఆటోలో కూర్చుని పోవడానికి నాకు ఆత్మకూరులో ఏ పనీ ఉండదు. పన్నెండేళ్ళు ఆ గోదాం తలుపు తెరిచే ఉంది, నేను లోపలికి తొంగి చూడలేదు. తలుపు మూసే రోజున పరిగెత్తుకుంటూ పోయాను. అయినా ఆ బల్ల మీద ముప్పై బండ్లు దారానికి మూతులు ఆనించి నిలబడటం ఒక్క పూటన్నా కళ్ళారా చూశాను. ఆటో, జీపు, బస్సు, ట్రాక్టరు, ఎవరికి ఎవరూ తక్కువ కాకుండా, చివర మా ఊరి లారీ అరంగుళం వెనక. పరలోకం ఎట్లా ఉంటుందని ఊళ్ళలో నన్ను అడుగుతుంటారు. ఇకనుంచి ఏం చెప్పాలో నాకు తెలుసు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. పోటీ పోయినా చేతులు ఉన్నాయి. ఉదయగిరిలో ఆకురాళ్ళ చప్పుడు వినపడే ఏ అరుగు దగ్గరైనా ఆగి, మీరు చిన్నప్పుడు ఎక్కిన బండి ఫోటో చూపించి చేసిపెట్టమని అడగండి. రెండు వారాలు టైము ఇవ్వండి. ఎంత పొడుగు కావాలని అడిగితే అంగుళాలు చెప్పకండి. “స్కేలు” అనండి. వాళ్ళకు తెలుసు.